మునగని గడియ గిన్నె

నా ఇజ్జత్ పోయిన సంగతి నాకు మొదట చెప్పింది పత్తర్‌గట్టి గడియారాల యూసుఫ్ భాయ్. "ఉస్తాద్, నీ గిన్నె తేలిందట, పంతులు శాస్త్రం మునిగిందట. బజారంత నవ్వుతున్నరు," అన్నడు. గిన్నె వదిలిన పొద్దు పంతులింట్ల తమాషా చూడనొచ్చినోళ్లల్ల గా మాట పుట్టించినోడు ఎవడో నాకెర్కే. వాడు ఇంక నా దుకాణం మెట్టెక్కొద్దు.

అసలు జరిగింది గిట్ల. శాలిబండ పంతులు, కాలేజీల చదువు చెప్పే సైన్స్ సారు, ఇద్దరు కలిసి బేగంబజార్ల నా రాగి గిన్నెల దుకాణానికొచ్చిన్రు. పాత సంస్కృత పుస్తకంల ఒక రాగి గిన్నె సంగతి ఉన్నదట. అడుగున సన్న బొక్క. నీళ్ల మీద పెడితే మెల్లగ నిండి సరిగ్గ గడియకు, అంటే ఇరవై నాలుగు మినిట్లకు మునగాలె. "నిజమైతే నోట్‌బుక్‌ల ఎక్కించి కాలేజీల అందరి ముంగట చదువుత," అన్నడు సారు. పంతులు కండ్లు మెరిసినయ్. తన పుస్తకాన్ని ఎవరన్న టెస్టు చేస్తరా అని ఏండ్ల సంది చూస్తున్నడు పాపం.

దేశాల లడాయి వల్ల రాగి దొరకని రోజులు. అయినా ఇంట్ల పాత చెంబు సాగగొట్టి, పంతులు చదివిన కొలతకు గిన్నె చేసిన. బొక్క ఎంత సన్నగుండాల్నో పుస్తకంల చెప్పిన బంగారు తీగనే దూర్చి చూపిచ్చిన. ఇద్దరు మెచ్చుకున్నరు. తెల్లారి ఒప్పజెప్పే ముందు మా దుకాణం రివాజు ప్రకారం లోపల తళతళ కళాయి, అంటే తగరం పూత, పెట్టిన. కళాయి లేని గిన్నె మా తాత గూడ అమ్మలే.

పంతులింట్ల గంగాళంల వదిలినం. ఇరవై నాలుగు మినిట్లైనయ్. గిన్నె బాతు లెక్క తిరుగుతున్నది. నలభై అయినయ్, ఇంక తిరుగుతనే ఉన్నది.

"సారూ, మీ గడియారం ఉరుకుతున్నది," అన్న.

"ఇది ఇంగ్లండ్ సీమ గడియారం, తప్పు చూపియ్యదు, పెద్దయ్యా."

"అయితే పంతులే తప్పు చదివిండు."

పంతులు పుస్తకం సంకల పెట్టుకొని లోపలికి పోయిండు. సారు 'కొలత కుదరలేదు' అని రాసి నోట్‌బుక్ మూసిండు.

యూసుఫ్ మాట ఇన్నంక గిన్నె పట్టుకపోయి ఆయన ముంగట పెట్టిన. "తప్పేందో చూపియ్యి భాయ్." గడియారాల అద్దం కంటికి పెట్టుకొని చూసిండు. నవ్వుకు భుజాలు ఊగబట్టినయ్.

"ఉస్తాద్, బొక్కకు గూడ కళాయి పెట్టినవ్. సగం మూసుకపోయింది."

గీకి, అక్కడ్నే బకీట్ల వదిలినం. ఇరవై నాలుగో మినిట్‌కు బుడుంగున మునిగింది.

నలభై ఏండ్లల్ల కారే గిన్నె ఒక్కటి నా చేతుల నుంచి పోలే. కారాలె అని అడిగి చేయించుకున్న ఒక్కదాన్ని గూడ కారనియ్యలే నేను.

పంతులు నాతోని మాట్లాడుత లేడు. సారు బదిలీ మీద ఔరంగాబాద్ పోయిండు, నోట్‌బుక్ గూడ పోయింది. నా రాత అంతంత మాత్రమే. చదువుకున్నోళ్లు ఎవరన్న గా సారుకు ఒక కార్డు రాయుండ్రి. పుస్తకం తప్పు లేదు, పంతులు తప్పు లేదు, గడియారం తప్పు లేదు, తప్పు ఉస్తాద్‌ది అని. బొక్క మాత్రం ఫస్ట్ క్లాస్‌గ చేసిండని గూడ రాయుండ్రి.