పాలు కలిసిన రంగునీళ్లు

కొండపల్లి దగ్గర ఆ కాలనీలో ఆరేసిన బట్టల మీద థర్మల్ కరెంటు కేంద్రం బూడిద రాలని రోజు లేదు. ఆ బూడిదనే కృపానందం సంచులకెత్తి, తాను అటెండరుగా పనిచేసే బెజవాడ కాలేజీ ల్యాబుకు బస్సులో మోసేవాడు. కాస్టిక్ సోడాలో ఉడికించి, కడిగి, ఆరబెడితే ఆ పొడి నీళ్లలో రంగును లాగేస్తుందని కెమిస్ట్రీ లెక్చరర్ రామతులసి మేడం పరిశోధన పేపరు రాశారు. ఉడికించిందీ, చేతులు బొబ్బలెక్కించుకుందీ కృపానందం. పేపర్లో అతని పేరు లేదు.

1999 వేసవిలో పెడనలో ఓ కలంకారీ షెడ్డుకు పొల్యూషన్ బోర్డు నోటీసొచ్చింది. రంగునీళ్లు కాలవలోకి వదలడం ఆపకపోతే మూసేస్తారట. మూస్తే బట్టలుతికే ఇరవైమంది ఆడవాళ్లకి పనుండదు. సోమవారం ఆఫీసరొస్తాడు. పేపరు సంగతి విని షెడ్డు షావుకారు మేడంని సాయమడిగాడు.

"నాకు పరీక్షల డ్యూటీ. నువ్వెళ్లు కృపానందం, నీ చేతి పనేగా" అన్నారు మేడం.

ఆదివారం పొద్దున అడుగున చిల్లులున్న డ్రమ్ములో పొడి పోసి రంగునీళ్లు వదిలాడు. పది నిమిషాలకే పూడుకుపోయింది. కారిన నాలుగు చుక్కలూ ఎర్రగానే ఉన్నాయి. మళ్లీ పోశాడు. అంతే. కూర్చోలేక, నిలబడలేక షెడ్డు చుట్టూ తిరిగాడు.

"ఏందయ్యా, కాలుగాలిన పిల్లిలాగా?" అంది బట్టలుతికే శౌరమ్మ.

"ల్యాబులో పనిచేసింది, ఇక్కడ చెయ్యట్లేదమ్మా."

"మీ ల్యాబు నీళ్లల్లో పాలుంటాయా?"

"పాలేంటి?"

"అద్దకానికి ముందు గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలల్లో ముంచుతారు. లేకపోతే రంగు పాకిపోద్ది. ఆ జిడ్డంతా ఈ నీళ్లల్లోనే దిగుద్ది. ఇన్నాళ్లు చదివారు, ఒక్కమాట అడగలేదే?"

అతనూ అడగలేదు. సిగ్గేసింది.

శౌరమ్మ షెడ్డులోని పటిక తెచ్చి నీళ్లలో తిప్పింది. గంటకు జిడ్డంతా తరకలు కట్టి అడుక్కి దిగింది. పైతేట గుడ్డలో వడగట్టి, కొత్త పొడి మీద పోశారు. మూడోసారికి నీళ్లు తేటగా దిగాయి.

సోమవారం ఆఫీసరు గ్లాసు వెలుతురుకెత్తి చూసి, షెడ్డు మూసివేత ఆపుతున్నట్టు సంతకం పెట్టాడు. జీపు కదిలిందో లేదో, షావుకారు అన్నాడు: "ఆ ఎర్రబూడిద కాలవగట్టున పారబొయ్యండి."

"వానొస్తే ఎక్కడికి పోద్దండీ?" కృపానందం బూడిద సంచులకి అడ్డం నిలబడ్డాడు. "గట్టున పోస్తే ఈసారి కంప్లయింటు నేనే రాస్తా."

"మరెక్కడ పొయ్యమంటావ్?"

అతనికీ తెలియదు. శౌరమ్మ, అతనూ కలిసి సంచుల్ని చూరు కిందికి లాగారు. తర్వాత ఎస్టీడీ బూత్ నుంచి మేడానికి ఫోన్ చేశాడు.

"నీళ్లు తేరాయండి. రంగు తాగిన బూడిదనేం చెయ్యాలో పేపర్లో లేదు."

"నువ్వొచ్చెయ్, చూద్దాం."

"మీరే రండి మేడం. శౌరమ్మ గారిని అడగాల్సినవి చాలా ఉన్నాయి."