బస్ షెల్టర్ బర్రె

ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో నేను డ్రాయింగ్ మాస్టర్ని. వారానికొకసారి వనపర్తిలోని ఒక చిన్న పత్రికకు కార్టూన్ గీసి పంపుతుంటాను. ఆ ఎండాకాలం మా ఊళ్లో ఒక బర్రె రోజూ మధ్యాహ్నం బస్ షెల్టర్లో చేరి నీడన పడుకునేది. వనపర్తి బస్సు కోసం వచ్చినవాళ్లు బయట ఎండలో నిలబడేవాళ్లు. ఆ బర్రె బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టు, కండక్టర్ వంగి దానికి టికెట్ ఇస్తున్నట్టు గీశాను. పత్రికలో వచ్చిన రోజే అది ఊరందరి ఫోన్లలోకీ ఎక్కింది. హోటల్లో నన్ను "బర్రె సారు" అని పిలిచారు. లోపల్లోపల మురిసిపోయాను.

మూడో రోజు ఒంటిపూట బడి వదిలే వేళకు గేటు దగ్గర ఒక అవ్వ నిలబడి ఉంది.

"బర్రె బొమ్మ గీసింది నువ్వేనా సారూ?"

"నేనే అవ్వా."

"ఆ బర్రె నాదే. నిన్నటిసంది మేత ముడ్తలేదు, పాలిస్తలేదు. ఊరంత జూసి నవ్వింది. గంతమంది కండ్లు పడితే నోరులేని జీవి ఎట్ల తట్టుకుంటది?"

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. వెంటనే ఆమెతో నడిచాను. రేకుల కొట్టంలో బర్రె మెడ చాపి పడుకుని ఉంది. కడుపు ఉబ్బింది. ఈగలు వాలుతున్నా తోక కదపడం లేదు. ఊరిని నవ్వించిన ముఖం ఇదేనా అనిపించింది.

పశువుల దవాఖానకు పరుగెత్తి డాక్టర్‌ను తీసుకొచ్చాను. ఆయన కడుపు తట్టి చూశాడు.

"పెళ్లిండ్ల దినాలు గదా, ఎవరో అన్నం పారబోసి ఉంటరు. అది తిన్నట్టుంది. రేపటిదాంక చూడాలె" అని సూది వేసి, తినే సోడా నీళ్లలో కలిపి తాగించమన్నాడు.

ఆయన వెళ్లాక అవ్వ నా వైపు తిరిగింది. "నిరుడు గూడ తిన్నది పెళ్లన్నం. అప్పుడేం గాలే. నువ్వు గీసినంకనే గిట్లయింది. ఇంకో బొమ్మ గీయి. బొక్కలు తేలినట్టు, ఎవ్వరికీ నచ్చనట్టు గీయి. దిష్టి పోవాలె."

నాకు దిష్టి మీద నమ్మకం లేదు. అయినా కాదనే ధైర్యం లేకపోయింది. బొగ్గు తీసుకుని కొట్టం గోడ మీద గీశాను. పక్కింటామె చూసి కిసుక్కున నవ్వింది.

"నవ్వొస్తుంది సారూ, మల్ల గీయి" అంది అవ్వ, తడిగుడ్డతో తుడిచేస్తూ.

రెండోసారీ అంతే. నా చేతికి అలవాటైన ఆ వంకర నోరు, పెద్ద కళ్లు వద్దన్నా వచ్చేస్తున్నాయి. మూడోసారి గోడ వైపు కాకుండా బర్రె వైపు చూస్తూ గీశాను. పక్కటెముకలు, వాలిన చెవులు, నురగ కారే మూతి. ఈసారి ఎవరూ నవ్వలేదు. అవ్వ చాలాసేపు చూసి, "గిది చాలు" అంది.

మర్నాడు బడిలో పిల్లలకు గిన్నె గీయమని చెప్పి కిటికీలోంచి గేటే చూస్తూ కూర్చున్నాను. పదకొండు దాటాక అవ్వ వచ్చింది. మెట్ల దాకా ఎదురెళ్లాను.

"నెమరేస్తుంది సారూ. నీళ్లు తాగింది."

అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. "సూదితోనేనా అవ్వా, బొమ్మతోనా?" అని అడిగాను.

"నాకేం తెల్వదు. డాక్టర్ సూది ఏసిండు, నువ్వు బొమ్మ గీసినవ్. గోడకు మాత్రం సున్నమెయ్యొద్దని మా కోడలికి చెప్పిన."

ఆ వారం పత్రికవాళ్లు ఫోన్ చేసి బర్రె మీద ఇంకొకటి కావాలన్నారు. జ్వరంగా ఉందని అబద్ధం చెప్పాను.