ఎంబసీ వాళ్లకు పోసిన నీళ్లు

ఏడో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ని మా పల్లె విదేశాంగ మంత్రిని చేసింది. మూడోసారి తప్పినప్పుడు మా సారు, "నువ్వు రాకుంటే బడి మంచిగ నడుస్తది బిడ్డా" అన్నారు. పెద్దమనసు చేసుకుని ఆయన మాట మన్నించాను. అయినా ఇంగ్లీషులో నా పేరు రాయడం వచ్చు, ఎదుటివాణ్ని నవ్వించడం వచ్చు. ఈ రెండూ ఉంటే దేశాలతో మాట్లాడవచ్చని మావాళ్లు అనుకున్నారు.

పటాన్‌చెరు అవతల వాగు రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేచోట, ఆ నడుమ ఉన్న అరవై ఇళ్లు మావి. వానాకాలం వస్తే పడవ లేని దీవి. పంచాయతీ మాత్రం అవతలి ఒడ్డున ఉన్న పెద్ద ఊరిది. మా ఓట్లు అక్కడ, ముద్ర అక్కడ, సంతకం అక్కడ. ఎనభైల్లో ఎగువన మందుల ఫ్యాక్టరీ వచ్చింది. మొదట వాగులో చేపలు పోయాయి, తర్వాత మళ్లలో వరి పోయింది, ఆ తర్వాత బోరు నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. చాయ్ అయినా నయం, ఇంత కంపు కొట్టదు. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరిగేవి. మేము బర్రెలం కాదు కాబట్టి తాగేవాళ్లం.

తొంభైల మధ్యలో ఫ్యాక్టరీవాళ్లు మా మేకలు మేసే భూమిలో మురికినీళ్ల చెరువు తవ్వుతామన్నారు. పెద్ద ఊరి పంచాయతీ ఒక్క మధ్యాహ్నంలో తీర్మానం చేసి ముద్ర కొట్టింది. మమ్మల్ని అడగలేదు. అడగాలంటే వాగు దాటాలి, చెప్పులు పాడవుతాయి. ఆ రోజు నుంచి మాది ఒకటే కోరిక: మా పల్లెకు మా పంచాయతీ, మా ముద్ర. మా భూమి మీద ఏదైనా వద్దనుకుంటే వద్దనే హక్కు మాకుండాలి. రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాం. "అరవై ఇళ్లకు పంచాయతీనా?" అని ఒకాయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. నన్ను చూసి నవ్వితే నాకు సంతోషమే. నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ ముసలాళ్లను చూసి నవ్వాడు. ఆ నవ్వుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దారి చూపింది మా దర్జీ మామూ. ఆయన దుబాయ్‌లో పనిచేసి వచ్చినవాడు. అక్కడ సేటు పాస్‌పోర్టు దాచేస్తే మన ఎంబసీకి పోయి ఏడ్చాడట, వాళ్లు ఒక్క ఫోను చేస్తే సేటు తెచ్చి చేతిలో పెట్టాడట. అప్పటి నుంచి ఎంబసీ అంటే ఆయనకు దర్గా మీద ఉన్నంత నమ్మకం.

"ఫ్యాక్టరోడు ఆఫీసరుకు భయపడడు, లీడరుకు భయపడడు," అన్నాడు మామూ. "మందులు కొనేటోనికి భయపడతడు. డబ్బాల మీద చూసిన నేను, మస్తు మాలు ఒక్క ముల్కుకే, ఒక్క దేశానికే పోతది. ఆ ముల్కు ఎంబసీ ఢిల్లీల ఉంటది. రాద్దాం."

"ఏమని రాద్దాం మామూ?"

"మా పంచాయతీ మాకొచ్చేదాంక వాని మందులు కొనకున్రి అని. గంతే."

సంగారెడ్డిలో టైపు చేసే ఆయన సగం విని వేళ్లు ఆపాడు. "ఏ దేశం ప్రజలు అని కొట్టాలె?" అని అడిగాడు.

"వాగు దేశం అని కొట్టన్నా," అన్నాను.

అది కొట్టలేదు గాని, "మేము దీవి ప్రజలం" అన్న మాట మాత్రం ఉంచాడు. నాలుగు ఉత్తరాలు గాలికి పోయాయి. ఐదోదానికి జవాబు వచ్చింది. ఇద్దరు వస్తారట, చూస్తారట.

పల్లె మొత్తం కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఉపన్యాసాలు వద్దు. రాగానే గ్లాసుడు బోరు నీళ్లు చేతికివ్వాలి. రంగు చూస్తారు, వాసన చూస్తారు, అంతకన్నా చెప్పేదేముంది? ఎండన పడి ఎవరొచ్చినా మొదట నీళ్లిచ్చేది మా చిన్నమ్మే కాబట్టి ఆ పని ఆమెకే అప్పగించాం. ఆమె తల ఊపింది. నేను నమ్మాను.

ఒక దొరసాని, ఒక దొర, హైదరాబాదు నుంచి ఒక దుబాసీ వచ్చారు. కారు అవతల ఆపి, ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని వాగు దాటారు. మామూ దుకాణం ముందు కుర్చీలు వేశాం. నేను గొంతు సవరించుకుని, "ఇవే సార్ మా నీళ్లు" అన్నాను. చిన్నమ్మ పళ్లెంలో గ్లాసులు తెచ్చింది. నీళ్లు తేటగా, గ్లాసు అడుగు కనబడేలా ఉన్నాయి. దొరసాని గటగటా తాగేసి, చాలా బాగున్నాయంది.

ఆ రోజు తెల్లవారుజామునే చిన్నమ్మ వాగు దాటి, కర్దనూర్ దిక్కు రెండు మైళ్లు నడిచి, బిందెడు మంచినీళ్లు నెత్తిన పెట్టుకుని వచ్చిందట. ఎవరికీ చెప్పలేదు.

"ఇవి మావి గావు సార్, అవతలి ఊరియి," అన్నాను దుబాసీతో.

"అంటే దగ్గర్లో మంచినీళ్లు దొరుకుతాయన్నమాట," అంటూ ఆయన రాసుకున్నాడు.

లోపలికి ఉరికి చెంబుతో బోరు నీళ్లు తెచ్చి దొరసాని ముందు పట్టాను. ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకుని, చాలు, ఇప్పుడే తాగాను అన్నట్టు మర్యాదగా తల అడ్డంగా ఊపింది. చెంబులోకి చూడనే లేదు. దుబాసీ గడియారం చూసుకుని, "భోజనం ఫ్యాక్టరీలో. ఆలస్యమవుతోంది" అన్నాడు. అప్పుడైనా అడ్డం నిలబడి అరవాల్సింది. అలవాటు చొప్పున ఏదో జోకు వేశాను. దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. టైపు చేసే ఆయనే చదివి చెప్పాడు: మా ప్రతినిధులు స్వయంగా తాగి చూశారు, గ్రామంలో నీరు శుభ్రంగా ఉంది, పంచాయతీ సంగతి మీ దేశపు అంతర్గత వ్యవహారం. దాని నకలు మాకన్నా ముందే ఫ్యాక్టరీకి చేరింది. పెద్ద ఊరి సభలో దాన్ని చదివి వినిపించి, మా అర్జీలతో అన్నాళ్లు ఆగిన తవ్వకం మర్నాడే మా మేకల భూమిలో మొదలుపెట్టారు.

అంతర్గత వ్యవహారమట. మందు వాళ్ల కడుపులోకి పోతే రెండు దేశాల సంగతి, మురికి మా కడుపులోకి వస్తే మా ఇంటి సంగతి. ఇన్నేళ్లయినా ఆ మాట గుర్తొస్తే పళ్లు కొరుక్కుంటాను.

ఆ కోపమంతా మోసుకుని తిన్నగా చిన్నమ్మ ఇంటికి పోయాను. ఆమె అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ఒక్క గ్లాసు చిన్నమ్మా. ఒక్క గ్లాసు బోరు నీళ్లు ఇస్తే మన ముద్ర మనకొస్తుండె. పల్లెను ముంచినవ్."

"ఇంటికొచ్చిన మనిషికి గా నీళ్లెట్ల పోస్తరా? చెయ్యి రాలె."

"వాళ్లేమన్న సుట్టాలా? నీకెందుకు గంత మర్యాద?"

వాడకట్టంతా బయటికొచ్చేలా అరిచాను. నా గొంతు ఆగేదాకా ఆమె చేట దించలేదు. తర్వాత దించింది.

"మంచినీళ్లు పోసినదాని మీద గింత ఒర్లుతున్నవ్. ఇన్నేండ్ల సంది మనకు ఖరాబ్ నీళ్లు పోసేటోని గేటు కాడ ఒక్కనాడన్న గింత ఒర్లినవారా?"