బొమ్మ కింద మాట

మా అక్క పోయి తొమ్మిది రోజులైంది. అక్క అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను షాపులో ఆవిడ కుర్చీలోనే కూర్చుని ఎవరిదో పెళ్లికార్డు చేస్తున్నాను. పెద్దకర్మ రోజున పంచే ఈ చిన్న పుస్తకానికి ఇంట్లో తలా ఒక పేజీ రాయాలని బావగారు చెప్పారు. నేను చదివింది ఐదో తరగతి. నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. తప్పులుంటే మన్నించండి. మా షాపులో తప్పులు దిద్దే మనిషే పోయింది.

ఉన్నదున్నట్టు రాస్తాను. ఆవిడను చూసి నేను చాలా కుళ్లుకునేదాన్ని.

నేను కాపురానికి వచ్చేసరికి నరసరావుపేటలో మా కార్డుల షాపంటే అక్కే. డిగ్రీ చదివింది. వచ్చినవాళ్లతో మాట్లాడుతూనే, కీబోర్డు వైపు చూడకుండా టైపు చేసేది. మాచర్ల నుంచి వచ్చినవాళ్లు కూడా "అక్కా, మా కార్డు నువ్వే చెయ్యాల" అనేవాళ్లు. తండ్రి వయసువాళ్లకూ ఆవిడ అక్కే. మా ఆయనను ఏమడిగినా "వదిన్ని అడుగు" అనేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే కూడా అదే చెబుతాడేమోనని అడగడం మానేశాను. కార్డులు మడిచి కవర్లలో పెడుతూ ఓ మూల ఉండేదాన్ని.

రెండేళ్ల కింద పాత కంప్యూటరు పాడైపోయి కొత్తది కొన్నారు. కార్డులు చేసే సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది వేశారు. పాతదాంట్లో బటన్లన్నీ ఇంగ్లీషు మాటలు. కొత్తదాంట్లో మాటలు తీసేసి అన్నిటికీ బొమ్మలే పెట్టారు. అక్క చదువుకుంటూ పనిచేసే మనిషి. చదవడానికి ఏమీ లేకపోయేసరికి తడబడింది. ఒక్కో బొమ్మ మీద మౌసు బాణం ఆపి, దాని పేరు కనపడేదాకా ఎదురుచూసేది. నాకు చదివే బాధ లేదు. కత్తెర అంటే కత్తిరించడం, కుంచె అంటే రంగు వేయడం. వెనక నిలబడి వారం రోజుల్లో అన్నీ పట్టేశాను.

"ఏమే, అడ్డంగా తిప్పేది ఏదే?"

"రెండో వరసలో చివరిది అక్కా. ఒంగిన బాణం."

"నీ దుంపతెగ, భలే పట్టావే! రా, నువ్వే కూర్చో" అని లేచి కుర్చీ ఇచ్చింది. ఆనాడు కలిగినంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఈపూరు నుంచి ఒక బాబాయి తన కూతురి ఓణీల ఫంక్షను కార్డు చేయమని వచ్చాడు. అక్క భోజనానికి వెళుతూ "అయ్యాక జాగ్రత్తగా దాచిపెట్టు" అంది. తెర మీద మూతతో, నిలువు గీతలతో ఒక డబ్బా బొమ్మ ఉంది. మా పుట్టింట్లో బియ్యం పోసే రేకు డ్రమ్ము అచ్చం అలాగే ఉంటుంది. మా అమ్మ ఏది దాచాలన్నా ఆ బియ్యంలోనే దాచేది. కార్డును అందులోకి పంపాను. ఇంగ్లీషులో ఏదో అడిగితే సరేనని నొక్కాను. అది చెత్తబుట్ట. రోజూ షాపు మూసేముందు దాన్ని ఖాళీ చేయడం అక్కకు అలవాటు. ఏముందో చూసేది కూడా కాదు.

రెండు రోజులకు బాబాయి వచ్చాడు. కార్డు ఎక్కడా లేదు.

"ఏందమ్మా ఇది? పదిరోజుల్లో ఫంక్షను పెట్టుకొని!"

నేను అక్కకు ఆ డబ్బా బొమ్మ మీద వేలు పెట్టి చూపించాను. సంగతి అర్థమైన అక్క నావైపు చూడనైనా చూడలేదు. "నేనే పారబోశా బాబాయ్, బుర్ర పనిచెయ్యక. నువ్వు టీ తాగేలోపు మళ్లీ కొట్టిస్తా, కూర్చో" అంది.

"నువ్వా? నువ్వయితే సరేలే అక్కా" అని ఆయన చల్లబడ్డాడు.

ఆవిడ చేస్తే తప్పు కూడా చెల్లుతుంది. నన్ను కాపాడినందుకు కూడా ఆవిడ మీద కుళ్లుకున్నాను.

మర్నాడు చూస్తే ప్రతి బొమ్మ కింద తెలుగులో ఒక మాట ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి అక్కే రాసి పెట్టింది. దాచేది. పారేసేది. కత్తిరించేది. తిప్పేది. అవి నా మొహాన రాసినట్టు అనిపించింది. మా ఆయన చూసి "మా వదిన నీకు పలక కొనిపెట్టిందే!" అని నవ్వాడు.

"తీసెయ్ అక్కా. నాకు బొమ్మలు చాలు" అన్నాను.

"బొమ్మ ఎవరికి తోచినట్టు వాళ్లకి కనపడుద్దే. నీకు బియ్యం డ్రమ్ము, నాకు చెత్తబుట్ట. కింద మాటుంటే ఇద్దరికీ ఒకటే చెబుద్ది."

రెండు రోజులు మూతి ముడుచుకున్నాను. కానీ వాటిని రోజూ చూసీ చూసీ, కూడబలుక్కునే నా చదువు గాడిలో పడింది. ఈ పేజీ రాయగలిగానంటే అందువల్లే.

ఈ మధ్య అక్క జబ్బుపడి ఆసుపత్రిలో చేరాక కుర్చీ నాకు వచ్చింది. బాధగా ఉన్నా, కుర్చీ బాగుంది. "ఈ రంగు ఎట్టుంటది?" అని మా ఆయన మొదటిసారి నన్ను అడిగాడు. గురువారం అక్క ఫోన్ చేసింది.

"ఎట్టుందక్కా?"

"చానా తగ్గిందే. శనివారం వచ్చేస్తా."

మా ఆయన వెళ్లి చూసొద్దాం రమ్మన్నాడు. "ఎల్లుండి వస్తందిగా, పనుంది" అన్నాను. నిజానికి వచ్చేస్తానని అక్క అనగానే, కుర్చీ పోతుందని దిగులు పడ్డాను. మాట అందరికీ ఒకటే చెబుతుందన్న మనిషి, తగ్గిందని మాటతోనే నన్ను నమ్మించింది. ముఖం చూసి ఉంటే తెలిసేది. చూడడానికి నేను వెళ్లలేదు. మర్నాడే ఆసుపత్రి నుంచి ఆ ఫోన్ వచ్చింది.

ఇక్కడిదాకా రాసి పొయ్యిలో పెట్టేద్దామనుకున్నాను. బావగారు తీసుకుని చదివారు. "అచ్చెయ్యమ్మా" అన్నారు.

మొదటి పేజీలో అక్క ఫొటో పెట్టాను. కింద పేరు, చదువు, ఊరు వేయమన్నారు. నేను ఒక్క మాటే వేశాను. అక్క. ఆవిడను అలా పిలిచే హక్కు నా ఒక్కదానిదే కావాలని ఎన్నాళ్లో అనుకున్నాను. ఇప్పుడు మీరందరూ దాన్ని మీ మాటగానే చదువుతారు. అది కూడా ఓర్చుకోలేకపోతున్నాను.

ఆ ఫొటో పేజీలు నిన్న అచ్చయ్యాయి. రంగు ఆరాలని బల్లల మీద, నేల మీద, గడప దాకా పరిచాం. ఎగిరిపోతాయని ఫ్యాను ఆపేశాం. కాలు పెట్టే చోటు లేదు. అంతమంది అక్కలూ పైకి చూస్తూ పడుకుని ఉన్నారు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను.