నా నిద్ర కోసం మూసిన కిటికీలు

సహోదరులారా, గత ఏడాది ఇదే పత్రికలో నా సాక్ష్యం అచ్చయింది. నా భార్య కరుణ మంచాన పడితే ఇరవై ఒక్క రోజులు ఉపవాసముండి ప్రార్థించాననీ, ప్రభువు ఆమెను లేపి నడిపించాడనీ రాశాను. ఆమెను లేపింది ప్రభువే, అందులో అబద్ధం లేదు. కానీ ఆమెను పడగొట్టింది ఎవరో నేను రాయలేదు. ఆమెను పడగొట్టింది నేనే.

నేను శ్రీరాంపూర్‌లో బొగ్గు బాయిలో, భూమి కింది గనిలో పనిచేస్తాను. ఏళ్ళ తరబడి ఎక్కువగా రాత్రి షిఫ్టే చేశాను. పొద్దున బాయిలోంచి పైకి వచ్చేసరికి వెలుతురు కళ్ళలో గుచ్చుకునేది, ఇంటికొచ్చి పడుకుంటే కునుకు పట్టేది కాదు. అందుకని పాత సామాన్ల దుకాణంలో బొగ్గు మోసే రబ్బరు బెల్టు ముక్కలు కొని, మా క్వార్టరు కిటికీలన్నిటికీ మేకులతో బిగించాను, వెనక వాకిలి మీద కూడా రేకు కప్పాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తలుపు తీయకూడదు, గిన్నె చప్పుడు కాకూడదు, ఇది మా ఇంటి చట్టం. బాయిలో చీకటి నాకు ఒక్క షిఫ్టే, ఇంట్లో చీకటి కరుణకు దినమంతా అని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

మొదట ఆమెకు నడుము నొప్పి వచ్చింది, తర్వాత తొడల్లో సలుపు పుట్టింది, కూర్చుంటే గోడ పట్టుకుని తప్ప లేవలేకపోయేది. పాటలు పాడే మనిషి పాట మానేసింది, కారణం లేకుండా కూర్చున్నచోటే ఏడ్చేది. ఒకసారి మెల్లగా అడిగింది, "జర ఆ ఒక్క కిటికీ తియ్యరాదయ్యా, గాలి ఆడతలేదు" అని. నేను విసుక్కున్నాను. ప్రార్థన తగ్గితే మనసు ఇట్లాగే అవుతుందని ఆమెకే బోధించాను. ఆ చీకట్లో ఆమె పక్కనే మోకాళ్ళూని, "ప్రభువా, నా భార్యలోని అవిశ్వాసాన్ని తీసివెయ్యి" అని గట్టిగా ప్రార్థించాను. ఆ ప్రార్థన తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గవుతుంది.

ఒకరోజు నాలుగింటికి నిద్రలేచి వంటింట్లోకి వెళితే కరుణ నేల మీద పడి ఉంది. మధ్యాహ్నం నీళ్ళ బిందె ఎత్తబోయి పడిపోయిందట, తుంటి దగ్గర కదలనివ్వని నొప్పి. అన్ని గంటలు ఆ తడి నేల మీద, మూలుగు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని పడి ఉంది. నన్నెందుకు పిలువలేదని అడిగాను.

"నీ నిద్ర చెడుతదని" అన్నది.

మంచిర్యాలలో ఒక డాక్టరమ్మకు చూపించాము. రక్తపరీక్ష, ఎక్స్‌రే చూసి, ఎముకలు మెత్తబడి తొడ ఎముక చిట్లిందని చెప్పింది, రోజుకు ఎంతసేపు ఎండలో ఉంటావమ్మా అని అడిగింది. కరుణ నా ముఖం చూసింది, కిటికీల సంగతి నేనే చెప్పాను. ఒంటికి ఎండ తగలకనే ఈ కష్టమంతా వచ్చిందనీ, వెలుతురు లేని ఇంట్లో మనసు కూడా కుంగుతుందనీ చెప్పి మందులు రాసింది, పొద్దుటి ఎండలో కాసేపు కూర్చోమన్నది. ఇంటికి వచ్చి సుత్తి తీసుకుని ఆ రబ్బరు ముక్కలన్నీ, వాకిలి మీది రేకూ ఊడబెరికాను. ఉపవాసం మొదలుపెట్టింది ఆ తర్వాతే. అప్పుడు నా ప్రార్థన కూడా మారింది. "తండ్రీ, ఈ చీకటి నువ్వు పంపింది కాదు, నేను చేసింది, ఈమె మీద నా పాపం ఉంచకు" అని ఏడ్చాను. నెలలు గడిచేకొద్దీ ఆమె కర్ర పట్టుకుని, తర్వాత కర్ర లేకుండా నడిచింది. ఒక పొద్దున వాకిట్లో ఎండకు కూర్చుని బియ్యం ఏరుతూ ఒక పాట ఎత్తుకుంది, దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా చాలవు!

కానీ సాక్ష్యం రాసేటప్పుడు ఉపవాసం సంగతి ఉంచి కిటికీల సంగతి తీసేశాను, డాక్టరమ్మను తీసేశాను. కరుణ అది చదివి, "కిటికీల ముచ్చట రాయకపోతివి" అన్నది. అవన్నీ చిన్న సంగతులని కొట్టిపారేశాను.

ఈ మధ్య చెన్నూరు కూటానికి సాక్ష్యం చెప్పమని పిలిస్తే వెళ్ళాను. ఇంకా మొదలుకాకముందే దానయ్య అనే పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, బైబిలులోంచి మడతలు నలిగిన కాగితం తీసి చూపించాడు. అది నా సాక్ష్యమే.

"తమ్మీ, ఇది సదివినంక, నడుం నొప్పితోని మంచాన పడ్డ నా బిడ్డకు డాక్టరిచ్చిన గోలీలు బంద్ జేసిన. తలుపులేసి పదిరోజులసంది ప్రార్థన జేస్తున్న. నీ భార్య లెక్కనే లేస్తది గద?"

కూటం వదిలేసి ఆయన వెంట ఇంటికి పోయాను. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టి బతికే పిల్ల అట, పాతికేళ్ళుంటాయి. తలుపు తీయగానే ఆమె చేత్తో కళ్ళు మూసుకుంది. నాకు మా వంటింటి నేల గుర్తుకొచ్చింది.

"అన్నా, నా భార్యను చీకట్ల పెట్టింది నేనే. దవాఖానకు తీస్కపోయిన, గోలీలు వేసుకున్నది, ఎండల కూసున్నది. గది నేను రాయలే" అన్నాను.

"మరి ముందుగాల్నే ఎందుకు రాయలే తమ్మీ?" అన్నాడు దానయ్య.

అప్పటికప్పుడు ఆటో తెచ్చి ముగ్గురం దవాఖానకు పోయాము. మందులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ బిడ్డ ఇప్పుడు గడప బయట కూర్చుని బీడీలు చుడుతున్నదని దానయ్య కబురు పంపాడు. ఆలస్యం కాకముందే నన్ను అక్కడికి నడిపించిన దేవుని కృప అది.

ప్రియులారా, ప్రభువును నమ్మండి, నమ్మి ప్రార్థించండి, కానీ ఆయన మొదటి దినమే కలుగజేసి ఉచితంగా ఇచ్చిన వెలుగును మీ ఇంట్లోవాళ్ళకు అడ్డుకోకండి. నేను ఇప్పటికీ రాత్రి షిఫ్టు చేస్తూనే ఉన్నాను. పగలు కళ్ళ మీద తువ్వాల వేసుకుని పడుకుంటాను, హాయిగా నిద్ర పడుతుంది. లేవగానే సాయంత్రపు ఎండలో కరుణ పక్కన కూర్చుంటే తలభారం దిగుతుంది, నా కోపం కూడా తగ్గింది. ఇన్నేళ్ళూ నాకు కావలసింది ఆ ఒక్క తువ్వాలే.

పోయిన ఆదివారం పాస్టరుగారిని అడిగి సంఘం ముందు నిలబడ్డాను. స్త్రీల వైపు కిటికీ పక్కన కరుణ కూర్చుని ఉంది. ఇదంతా చెప్పి ఆమె వైపు తిరిగాను.

"కరుణా, కిందపడ్డా నన్ను పిలువలేనట్టు నిన్ను జేసింది నేనే. నా నిద్ర కోసం నీ ఎండ మూసిన, పైనుంచి నీకే విశ్వాసం లేదన్న. తప్పు నాది. నన్ను మాఫ్ జెయ్యి."