బతికున్న కణం ఒప్పుకోలేదు

మా రాజకుమారి మొండిది. మేనమామ కూతురూ, పైగా పెళ్లామూ కాబట్టి వెనకేసుకొస్తున్నానంటారా, అనుకోండి, నాకేం. ఆమదాలవలసలో నా ఎరువుల కొట్టుకొచ్చిన ప్రతివాడూ మీ ఆవిడ చదువు ఇంకా అవ్వలేదా అని అడగడమే. ఒళ్లు మండేది నాకు.

ఆ చదువేమిటంటే, కొన్ని మందుల అణువులు మరీ పెద్దవి, కణం పొర దాటి లోపలికి పోలేవు. పెప్టైడ్ అనే చిన్న ముక్కను వాటికి తగిలిస్తే అది లోపలికి లాక్కుపోవాలి. రాజకుమారి చేసిన పెప్టైడ్ లాక్కుపోయిందని ఫోటో కూడా వచ్చింది, మందుకు అంటించిన రంగు వెలిగి కణాల నిండా పచ్చటి వెలుగు. గైడు ఉమాశంకర్ గారు సంబరపడిపోయారు. ఇక ఆఖరి సెమినారు, ఆపైన డాక్టరేట్.

ఈవిడకు మాత్రం అనుమానం. ఫోటోకి ముందు కణాలను, శవాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్‌లో ముంచుతారు. దాంతో అవి చచ్చిపోతాయి, పొరకు చిల్లులు పడతాయి. మందు ఆ చిల్లుల్లోంచి దూరిందేమో! బతికున్న కణాలతో మళ్లీ చేసి చూసింది. వెలుగంతా పొర బయటే అంటుకుని ఉంది. ఆ సంగతి సెమినారులో ఎత్తితే డాక్టరేట్ కాగితాల మీద సంతకం పెట్టనన్నారు గైడుగారు. ఇంటికొచ్చి ఏడ్చింది. డాక్టరేట్ లేకపోతే కూడు పుట్టదా, చెప్పేయ్ అన్నాను. ఇంకా ఏడ్చింది. ఆమెకా డాక్టరేట్ కావాలి మరి, ఎందుకక్కర్లేదూ!

సెమినారు రోజు టిఫిన్లు ఇంటివాళ్లే పెట్టాలట. ఉప్మా గిన్నె పక్కన పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. పచ్చటి ఫోటో తెర మీదికి రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఆగమని, పక్కనే రెండో ఫోటో పెట్టింది.

"అవి సచ్చిన కణాలు సార్. సచ్చినోడి ఇంట్లోకి ఎవడైనా దూరతాడు. ఇవి బతికున్నవి. వీటిలోకి నా మందు ఎల్లనేదు."

ఉమాశంకర్ గారి మొహం మాడిపోయింది. మరి ఇన్నేళ్లూ ఏం వెలగబెట్టావని నలుగురిలో గద్దించారు. లేచి ఆయన్ని కడిగేద్దామనుకున్నాను. రాజకుమారి తల దించలేదు.

"ఇది పనిసెయ్యదని తేల్సినాను సార్. రేపు దీన్ని నమ్మి సూది గుచ్చుకునేవోడు బతికున్న మనిషి."

సంతకం పడలేదు. ఇంటికొచ్చేసరికి మా అమ్మ నారాయణమ్మ గుమ్మంలోనే నిలబడి, డాక్టరమ్మవి అయిపోయావా అని అడిగింది.

"అవ్వనేదత్తా. అబద్ధమాడుంటే అయిపోయేదాన్ని. సోమారం ఎల్లి కొత్త పెప్టైడ్ మొదలెడతాను. గెంటితే గెంటనీ."