మళ్ళీ వెచ్చబెట్టేది ఎవరయ్యా

మొన్న కళ్ళు చూపించుకోవడానికి విజయవాడ వెళ్దామని తిరువూరు బస్టాండులో కూర్చున్నాను. పక్కనున్నావిడ సంచిలోంచి ఫోను మోగింది. మోగిందంటే గంట కాదు, పాట. మా తోడికోడలి పాట. ఆవిడ వెంటనే ఎత్తి ఉంటే పీడా పోయేది. సంచిలోంచి ఒక తువ్వాలు, కళ్ళజోడు పెట్టె, నాలుగు మామిడికాయలు, మందుల చీటీలు అన్నీ బయటికొచ్చాక గాని ఫోను రాలేదు. అంతసేపూ "పిలిచి పిలిచి గొంతెండిపోయె గోపాలా" అంటూ బస్టాండంతా వినబడింది. ఎదురు బల్ల మీద పత్తి విత్తనాల సంచి పెట్టుకుని కూర్చున్న పెద్దాయన తలాడించాడు. తల ఎందుకాడించాలో నాకర్థం కాలేదు. ఫోను మాట్లాడటం అయ్యాక ఆవిడ నా వైపు తిరిగి, మాది ఏ ఊరో అడిగి, "నెమలి సామి పాటండి ఇది. రాసినావిడది మీ ఊరేనంట. సామి కల్లోకొచ్చి చెప్పాడంట" అంది. "అలాగాండీ" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే ఏం మాట్లాడతానో నాకే భయం వేసింది. విజయవాడలో డాక్టరుగారు కళ్ళు మండుతున్నాయా అని అడిగితే మండుతున్నాయన్నాను. చుక్కల మందు రాశాడు. పొద్దుటి మంట సంగతి ఆయనకు చెప్పలేదు.

మా తోడికోడలంటే మా మరిది భార్య. ఒకటే ఇల్లు, మధ్యలో గోడ కట్టి రెండు భాగాలు చేశారు. వాటాలు పంచినప్పుడు మా మామగారు ఇటుకకి వెనకాడి, పెరటి వైపు గోడని నడుమెత్తులోనే ఆపేశారు. దాంతో ఆస్తులు వేరైనా మాటలు ఉమ్మడిగానే ఉండిపోయాయి. నేను ఇటు దగ్గితే ఆమె అటు శొంఠి నూరేది. ఆమె వీధి గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది, చీరలకి ఫాల్స్ వేసేది. మనిషి మాటకారి. ఎవరింటికి వెళ్ళినా పీట తనే లాక్కుని కూర్చుంటుంది. నాకా గుణం లేదు. నాకు పిలవాలి. పిలిచాక ఇంకోసారి కూడా పిలవాలి. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అత్తగారు ఎప్పుడో ఒకసారి నవ్వుతూ అన్నారు. ఆవిడ మర్చిపోయారు గాని నేను మర్చిపోలేదు.

ఇక పాటల విషయానికొస్తే, మా ఇంటావంటా పాటలు రాసేది నేనొక్కదాన్నే. బళ్ళో ఉన్నప్పుడు ఆగస్టు పదిహేనుకి నా గేయమే పాడించేవారు. మంగళహారతులు, పెళ్ళిపాటలు, మా ఆడపడుచు సీమంతానికి లాలిపాట, అన్నీ నావే. నాకొక పద్ధతి ఉంది. తలస్నానం చెయ్యాలి, దీపం పెట్టాలి, తెల్ల కాగితం తీసుకోవాలి. మొదట స్వామి పేర్లన్నీ రాసుకుంటాను. తర్వాత కాస్త బరువైన మాటలు వెతుకుతాను. దేవుడితో మాట్లాడుతున్నప్పుడు పాలవాడితో మాట్లాడినట్టు మాట్లాడకూడదని నా నమ్మకం. చివరి చరణంలో నా పేరు వచ్చేలా చూస్తాను. అది గొప్పకోసం కాదు, పాట పుట్టిన చోటు తెలియాలి కదా అని. మా తోడికోడలికి ఏ పద్ధతీ లేదు. అసలు ఆమె పాట రాస్తుందని ఎవరూ అనుకోలేదు. నేనైతే అస్సలు అనుకోలేదు.

కోలాటం జ్వరం మా వీధిని పట్టుకున్న రోజులవి. చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా ఆడవాళ్ళు ఒకే రంగు చీరలు కట్టి, చేతుల్లో కర్రలు పట్టుకుని వరసలు తీరుతున్నారు. మేమూ ఒక బ్యాచి కట్టాం. పసుపు చీర, ఆకుపచ్చ అంచు. ఎ.కొండూరు నుంచి ఒక మాస్టారు సాయంత్రాలు మోటారుసైకిలు మీద వచ్చి, మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లు ఆవరణలో నేర్పేవాడు. మా దగ్గరి నెమలి ఊరి తిరునాళ్ళలో వేణుగోపాలస్వామి ఊరేగింపు ముందు ఆడాలన్నది మా అందరి కోరిక. దానికి మొదటి పాట మా బ్యాచి సొంతది అయితే బాగుంటుందని మాస్టారన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చిన క్షణంలోనే నేను తలస్నానానికి కుంకుడుకాయలు నానబెట్టినంత పని చేశాను. నెమలి స్వామి ముందు, అంత జనంలో, చివరి చరణంలో నా పేరు వినబడుతుంది. బతుకులో నాకు ఇంకేం అక్కర్లేదనిపించింది.

రాశాను. "సమ్మోహన వేణుగాన సుధాతరంగ డోలికాంతరంగా" అని పల్లవి. ఇప్పటికీ మంచి పల్లవి అనే అంటాను. మాస్టారు కాగితం చదివి, "బాగుందమ్మా" అని కళ్ళకద్దుకుని మరీ పక్కన పెట్టి, "ఇప్పుడు కాళ్ళకేసి చూద్దాం" అన్నాడు. కోలాటం పాటకి అదే పరీక్ష. ఎంత గొప్పగా రాసినా నాలుగు అడుగుల్లో మాట తెగాలి, కర్రా మాటా ఒకేచోట పడాలి. నా పాటలో 'సుధాతరంగ' దగ్గర తెగాల్సిన మాట తెగకుండా వెళ్ళి 'డోలిక' మీద పడింది. సగం మంది ముందుకి తిరిగారు, సగం మంది వెనక్కి తిరిగారు. అంగన్‌వాడీ టీచరు బొటనవేలి మీద ఎదురుగా ఉన్నావిడ కర్ర పడింది. వేలు నోట్లో పెట్టుకుని ఆవిడ, "డోలిక అంటే ఏంటండీ?" అని అడిగింది. ఊయల అని చెప్పాను. "మరి ఊయలనే పెట్టొచ్చుగా" అంది. అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది మా తోడికోడలు.

ఆ మర్నాడు, కర్రలు పంచుతుండగా, "మాస్టారూ, నేనొకటి పాడతాను, అడుగు పడుద్దేమో చూడండి" అని ఆమె అంది. కాగితం లేదు, ఏమీ లేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కాలితో తాళం వేస్తూ పాడింది:

పిలిచి పిలిచి గొంతెండిపోయె గోపాలా
వండిన అన్నం చల్లారిపోయె గోపాలా
మళ్ళీ మళ్ళీ వెచ్చబెట్టేది ఎవరయ్యా
నువు వచ్చేదాకా ఆకలి నాకూ లేదయ్యా

రెండోసారికల్లా బ్యాచి మొత్తం పాడుతోంది. కర్రలు తప్పలేదు, వేళ్ళు నలగలేదు. మాస్టారు ఈసారి కాళ్ళకేసి చూద్దాం అనలేదు, ఎందుకంటే కాళ్ళు అప్పటికే ఆడుతున్నాయి. నేను మాత్రం కర్రలు పట్టుకుని నిలబడిపోయాను. ఆ మాటలు నావి. ఎక్కడో విన్నట్టుంది అనే బాపతు కాదు, అచ్చంగా నావి. మావారు మధ్యాహ్నం పూట పురుగుమందుల దుకాణం ముందు కూర్చుంటే ఇంటి సంగతి గుర్తుండదు. పత్తికి తెగులు ఎవరి చేలో వచ్చినా దాని చర్చ ఆయన సమక్షంలో జరగాలి. నేను పెరట్లోకి వచ్చి, వీధి చివరికి వినబడేలా కేకేస్తాను. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే పాట, అంటే ఇదే అరుపు. "ఏవండీ, పిలిచి పిలిచి గొంతెండిపోతోంది. అన్నం చల్లారిపోయింది. మళ్ళీ మళ్ళీ వెచ్చబెట్టేది ఎవరు?" గోడకి అటువైపు మిషను తొక్కుకుంటూ ఆమె అదంతా విని, 'ఏవండీ' తీసేసి 'గోపాలా' పెట్టింది. అత్తసొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను గాని అక్క అరుపు చెల్లెలు భజన చెయ్యడం అప్పుడే చూశాను.

నెమలిలో ఆ పాటే పాడారు. నేను మూడో వరసలో ఆడాను. జనంలో ఒక ముసలావిడ 'ఆకలి నాకూ లేదయ్యా' అన్న నాలుగో మాట దగ్గర పైట చెంగుతో కళ్ళు తుడుచుకోవడం చూశాను. అప్పుడు నా కడుపులో లేచిన మంటకి పేరు పెట్టక్కర్లేదు. భక్తి మాత్రం కాదు. తర్వాత ఆ పాట చుట్టుపక్కల బ్యాచిలన్నీ ఎత్తుకున్నాయి. పాటల వెనక కథలు అడిగి వీడియోలు పెట్టే ఛానెల్ అమ్మాయి ఒకతె ఫోనూ, కర్రకి తగిలించిన మైకూ పట్టుకుని మా వీధికి వచ్చింది. "ఈ పాట మీకెలా వచ్చిందండీ?" అని అడిగితే మా తోడికోడలు కళ్ళు సగం మూసి, "తెల్లారుగట్ల కలండీ. చిన్న పిల్లాడు, నెత్తిన నెమలీక. అన్నం పెట్టమన్నాడు. లేచేసరికి పాట నోట్లో ఉంది" అంది. నేను గోడకి ఇటువైపు కందిపప్పులో రాళ్ళేరుతున్నాను. ఆ పూట పప్పులో రాళ్ళు పంటికి తగిలాయని మావారు అన్నారు.

ఆ అమ్మాయి వెళ్ళాక గోడ దగ్గరికి పిలిచాను. "కల్లోకొచ్చిన పిల్లాడికి నా గొంతెలా వచ్చిందమ్మా?" అని అడిగాను. తొణుకుతుందేమో అనుకున్నాను. తొణకలేదు. "నీ గొంతే అక్కా. కాదని ఎవరన్నారు? నీ పేరే చెప్దామనుకున్నా. చెప్తే ఆ పిల్ల ఏమడుగుద్ది? ఎవరిని పిలిచారండీ అని అడుగుద్ది. బావగారిని మధ్యాహ్నం పూట తిట్టే తిట్టని చెప్పమంటావా?" అంది. అప్పుడామె సూదిలోకి దారం ఎక్కిస్తూ, మామూలు మాట చెప్పినట్టు, "మూడు మాటలు నీవి. నాలుగోది నాది" అంది.

అదీ నన్ను తినేసిన మాట. నాలుగో మాట నేనెప్పుడూ అనలేదు. కానీ ఆయన వచ్చేదాకా నేను ఏనాడూ ముద్ద ముట్టలేదు. అది పాతివ్రత్యమని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. ఒక్కదాన్నే కంచం ముందు కూర్చుంటే ఆకలి వెయ్యదు, అంతే. ఆ సంగతి ఆయనతో చెప్పలేదు, అత్తగారితో చెప్పలేదు, తలస్నానాలు చేసి రాసిన ఏ పాటలోనూ పెట్టలేదు. నడుమెత్తు గోడకి అటువైపు కూర్చుని ఈమె ఎప్పుడు చూసింది? ముసలావిడ కళ్ళు తుడుచుకున్నదీ ఆ మాటకే. నా మాటలు ఎత్తుకుపోతే పోనీలే అని ఊరుకుందును. నేను అనని మాట కూడా నాలోంచే తీసుకుపోయింది. కోడలిగా వచ్చిన నాటినుంచి ఆమె పీట లాక్కునేది ఎదుటివాళ్ళని చూడటానికని, నేను పిలుపు కోసం గుమ్మంలో నిలబడేది నన్ను ఎవరైనా చూడాలనని ఆ పూట నాకు తెలిసింది. తెలిశాక కుళ్ళు తగ్గుతుందంటారు గాని, నాకు ఇంకా పెరిగింది.

ఏడాది తిరక్కుండానే ఆ ఛానెల్ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి మా తోడికోడలు నన్ను గోడ మీదుగా పిలిచింది. ఒకసారి కాదు, రెండుసార్లు పిలిచింది. వెళ్ళి పక్కన కూర్చోగానే, "పాటలో మాటలు మా అక్కవమ్మా. నాది ఒక్క ముక్కే. అడుగు, ఆవిడే చెప్పుద్ది" అని మైకు నా వైపు తిప్పింది. నెమలి స్వామి ముందు వినబడాలనుకున్న నా పేరు ఇప్పుడు ఊళ్ళన్నిటికీ వినబడేలా ఉంది. ఆ అమ్మాయి ముందుకు వంగి, "చెప్పండి ఆంటీ, ఆ మాటలు మీకెలా వచ్చాయి?" అని అడిగింది. మావారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. పెరట్లో కేకలు, చల్లారిన అన్నం, పురుగుమందుల దుకాణం, అన్నీ నాలుక మీదికి వచ్చాయి. "కల్లో వచ్చాయమ్మా" అన్నాను. నెమలీక సంగతి కూడా చెప్పాను. మా తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గు వచ్చినట్టు లేచి లోపలికి వెళ్ళిపోయింది. వీడియో వచ్చాక చూస్తే నేను లేను. ఒకే కథ రెండుసార్లు వచ్చిందని ఆ అమ్మాయి నా ముక్క తీసేసిందట.

మొన్న విజయవాడ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అన్నం వండి, పప్పు తాలింపు పెట్టి చూస్తే మావారు లేరు. పెరట్లోకి వెళ్ళాను. "పిలిచి పిలిచి" అని ఎత్తుకునేసరికి గొంతు తనంతట తనే పాటలోకి జారింది. టక్కున నోరు మూసుకున్నాను. గోడకి అటువైపు మిషను ఆగిపోయింది. ఆమె వింటోందని తెలుసు. అన్నం గిన్నె ముందు కూర్చుని ఎదురు చూశాను. చాలాసేపటికి వీధిలోంచి మావారు ఆ పాటే కూనిరాగం తీసుకుంటూ వచ్చారు, నాలుగో మాట దగ్గర మరీ ఇష్టంగా. "మీ తోడికోడలు భలే రాసిందే" అన్నారు కాళ్ళు కడుక్కుంటూ. ఇన్నేళ్ళూ నేను మామూలుగా అన్నప్పుడు ఆయనకు వినబడలేదు. కంచం పెట్టాను. నాదీ పెట్టుకున్నాను. కాలం అన్నిటినీ చల్లారుస్తుందని పెద్దవాళ్ళు అంటారు. అన్నం విషయంలో నిజమే. ఈ కుళ్ళు మాత్రం చల్లారబోయినప్పుడల్లా మళ్ళీ వెచ్చబెట్టుకుంటున్నది నేనే.